సబ్బు మీద వేసిన నింద

చిన్నోడా,

ముందు నన్ను తిట్టుకోవడం ఆపు. పదకొండు రోజులైందని నాకూ తెలుసు. నీ ఉత్తరం రాగానే "ట్రిప్ స్విచ్ జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వకు, హీటర్ ప్లగ్ పీకేయ్, మిగతాది వివరంగా రాస్తా" అని ఒక్క మెసేజ్ కొట్టి మాయమైపోయాను. ఆ తర్వాత నువ్వు పంపినవన్నీ చూశాను. "అక్కా, చన్నీళ్ళు, ఆరో రోజు." "అక్కా, చన్నీళ్ళు, తొమ్మిదో రోజు, నీ మరదలు నాతో మాట్లాడటం మానేసింది." చూసి నవ్వుకున్నాను, నవ్వుకుని ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆలస్యానికి క్షమించు. ఎందుకు ఆలస్యమైందో కూడా ఇందులోనే చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

ఇక్కడ నేనూ, మీ బావా, పక్కపక్కనే మా రెండు షాపులూ, నా కరెంటు సామాన్లూ, ఆయన కుట్టుమిషనూ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ క్షేమమనీ, మీ బుజ్జి బుడంకాయ జలుబు తగ్గుముఖం పట్టిందనీ అనుకుంటున్నాను. కౌంటర్ దగ్గరే కూర్చుని ఫోన్లో టైపు చేస్తున్నా. మధ్యలో ఎవరైనా వస్తే లేస్తాను, మళ్ళీ వచ్చి అక్కడి నుంచే అందుకుంటాను. తప్పులుంటే సర్దుకుని చదువు.

బావ చెయ్యి ఎలా ఉంది, ఇంకా సబ్బులకి దూరంగానే ఉంటున్నాడా అని అడిగావు. చెయ్యి బాగానే ఉంది. కత్తెర మునుపట్లాగే ఆడుతోంది. నిన్ననే ఒక కోటు కత్తిరించారు, గీత మీద గీత. సూదిలో దారం మాత్రం ఎక్కించలేకపోతున్నారు. ఆ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ చివర్లు కలవడానికి ఇంకా మొరాయిస్తున్నాయి. అందుకని పొద్దున షాపు తీయగానే నేనే పదిహేను సూదులకి దారం ఎక్కించి ఆయన పిన్నుల దిండుకి గుచ్చేసి వస్తాను. ఐదు నల్లవి, ఐదు తెల్లవి, మిగతావి ఆ రోజు పనిని బట్టి. సాయంత్రానికి అయిపోతే గోడ మీద రెండు సార్లు కొడతారు. మా రెండు షాపులకీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడేగా, అన్నీ వినిపిస్తాయి.

ఇక నీ బాత్‌రూమ్ సంగతి. అద్దం పక్కన ప్లగ్ పాయింటు కావాలని మరదలు అడుగుతోందన్నావు, హెయిర్ డ్రయర్ కోసం. మరదలితో నా మాటగా చెప్పు, వద్దు తల్లీ అని. నువ్వు పంపిన ఫొటో చూశాను. షవర్ కింద నిలబడి చెయ్యి చాపితే అద్దం తగిలేంత బాత్‌రూమ్ మీది. అంత చిన్న చోట ప్లగ్ పాయింటు పెడితే దానికీ రోజూ స్నానమే. డ్రయర్ పడకగదిలో పెట్టుకోమను, నిలువుటద్దం పక్కన నేనే మంచి పాయింటు పెట్టిస్తాను. తడి జుట్టుతో రెండడుగులు నడిస్తే ఏమీ అరిగిపోదు.

అదే ఫొటోలో హాల్లోంచి తలుపు కింద దూరి వాషింగ్ మెషిన్ దాకా పాకిన తెల్లవైరు నా కంట పడదనుకున్నావా? ఎక్స్‌టెన్షన్ బాక్సు తడినేల మీద పెట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి కప్పావు చూడు, ఆ తెలివికి నిన్ను ఏమనాలో తెలియట్లేదు. నేను అమ్మేవే అవి. అమ్మేటప్పుడు ప్రతి మనిషికీ చెప్తాను, బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళకండి అని. నా సొంత తమ్ముడికే చెప్పడం మర్చిపోయాను. ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందు వెళ్ళి హాల్లో ప్లగ్ పీకి, ఆ తర్వాత బాక్సు తీసెయ్. నేను ఆగుతాను.

తీశావా? సరే.

హీటరుకి మందం వైరుతో సొంత లైను ఉండాలి, స్విచ్ తలుపు బయట ఉండాలి. తడిచేత్తో ఎవరూ దాన్ని అందుకోకూడదు. పైన లైటు మూత బిగించింది పెట్టించు, ఆవిరి లోపలికి పోకుండా. ఇవన్నీ నీకు తెలిసినవే, తెలిసి కూడా వాయిదా వేసేవే. ఆగు, ఎవరో వచ్చారు.

వచ్చేశా. బల్బు హోల్డరు కోసం వచ్చాడు, పాతది జేబులో పెట్టుకొచ్చి "ఇలాంటిదే" అన్నాడు. ఇలాంటిదే ఇస్తే మళ్ళీ ఇలాగే కాలుతుందయ్యా అని వేరేది ఇచ్చాను.

ట్రిప్ స్విచ్ దగ్గరికి వద్దాం. పొద్దున హీటర్ వేయగానే టక్కున పడిపోతోంది, ఇల్లంతా చీకటి, ఒంటినిండా నురుగుతో నువ్వు అరుపులు. మీ వైరింగ్ ఆయన వచ్చి "ఇవన్నీ కొత్త ఫ్యాషన్లు సార్, మా నాన్న ఇవేమీ లేకుండా ఊళ్ళో సగం ఇళ్ళకి వైరింగ్ చేశాడు, దీన్ని తప్పించి డైరెక్ట్ చేసేస్తా, పది నిమిషాల పని" అన్నాడని రాశావు. "అక్కా, నువ్వు ఈ వ్యాపారంలోనే ఉన్నావు కదా, సరే అంటే చేయించేస్తా" అన్నావు.

చిన్నోడా, ఆ స్విచ్ చేసే పని ఒక్కటే. వెళ్ళిన కరెంటు వెళ్ళినట్టే మొత్తం తిరిగొస్తోందా అని కాపు కాస్తుంది. దార్లో ఎక్కడో కొంచెం కారిపోయినా, అది నీటిలోకైనా సరే, మనిషిలోకైనా సరే, కనురెప్ప వేసేలోపు మొత్తం ఆపేస్తుంది. అది పడుతోందంటే చెడిపోయిందని కాదు, ఏదో కారుతోందని అరుస్తోందన్నమాట. హీటర్ పీకేసిన పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా పడలేదని నువ్వే రాశావు. అంటే దొంగ దొరికాడు. హీటర్ లోపల కాయిల్ పాడైంది. మార్చాల్సింది హీటరుని. నువ్వేమో అరిచేవాడి నోరు మూయిస్తానంటున్నావు.

ఈ మాట నీకు మొదటి రోజే చెప్పొచ్చు. ఐదు నిమిషాల పని. షాపులో రోజుకి ముగ్గురికి చెప్తాను. నీకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఈ పొద్దున నీ మెసేజ్ చూశాక ఇక ఆగలేకపోయాను. "రేపు వైరింగ్ ఆయన వస్తున్నాడు, డైరెక్ట్ చేయించేస్తున్నా, బుడంకాయకి జలుబు చేసింది, ఇక నా వల్ల కాదు." ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో జోకులేస్తావు, నేను ఏడుస్తాను, అసలు మాట అక్కడే ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను.

నిన్న ఏం జరిగిందో చెప్తాను. ఒక టాక్సీ డ్రైవర్ వచ్చాడు, పెద్దాయన. "అమ్మా, ఒక మూర వైరు ఇవ్వండి చాలు. ఇంట్లో ట్రిప్ స్విచ్ మాటిమాటికీ పడి చంపుతోంది, తప్పించేస్తాను" అన్నాడు. నేను రోజూ చెప్పే పాఠం మొదలుపెట్టబోయాను. నోరు తెరిచాను. లోపల్నుంచి వేరే మాట వచ్చింది.

"నేను మా ఇంట్లో అదే చేశానండీ. మా ఆయన చెయ్యి విరిగింది."

గట్టిగానే వచ్చినట్టుంది. గోడ అవతల కుట్టుమిషను ఆగిపోయింది.

అవును, నువ్వు సరిగ్గానే చదివావు. సబ్బు కాదు.

ఏడాదిన్నర కిందటి మాట. అప్పుడు మా రెండు షాపులకీ, వెనకాల ఇంటికీ ఒకటే బోర్డు, ఒకటే ట్రిప్ స్విచ్. వానలు మొదలయ్యాక అది పడటం మొదలుపెట్టింది. పొద్దున బాత్‌రూమ్ హీటర్ వేస్తే చాలు, షాపు ముందు వేలాడదీసిన ముప్ఫై రెండు లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయేవి. మీ బావ "ఎందుకు పడుతోందో ఒకసారి చూడరాదూ" అనేవారు. "వానల తేమండీ, ఎండ వస్తే అదే సర్దుకుంటుంది" అనేదాన్ని. ఒకరోజు కొత్తిల్లు కట్టుకుంటున్న భార్యాభర్తలు వచ్చి లైట్లు చూస్తున్నారు. అరగంట చూపించాను. ఆవిడ ఒకటి ఎంచుకుని చెయ్యి పెట్టి చూపిస్తుండగా మొత్తం చీకటి. ఆవిడ పకపకా నవ్వేసింది. "మీ షాపులోనే కరెంటు నిలవకపోతే మా ఇంట్లో ఏం నిలుస్తుందండీ?" వాళ్ళు రోడ్డు దాటి ఎదురు షాపులోకి వెళ్ళడం ఈ కౌంటర్ దగ్గర నిలబడే చూశాను.

ఆ మధ్యాహ్నం షటర్ సగం దించి, నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచి వైరు ఒక మూర కోసి, ఆ స్విచ్‌ని తప్పించి డైరెక్ట్ చేసేశాను. నా చేతులతోనే. ఆదివారం వరకే అనుకున్నాను. ఆదివారం హీటర్ విప్పి చూద్దాం, అప్పటిదాకా షాపు పరువు నిలబడితే చాలు అని. ఆదివారం వెళ్ళిపోయింది. తర్వాతిదీ వెళ్ళిపోయింది. లైట్లు ఆరడం లేదు కదా, మూడు నెలలు దాని సంగతే మర్చిపోయాను. బయటి నుంచి చూస్తే స్విచ్ బుద్ధిగా పైకే ఉండేది. వెనకాల కరెంటు మాత్రం దాన్ని పలకరించకుండానే వెళ్ళిపోతోంది. ఆ మూడు నెలల్లోనూ నేను ఎంతమందికి ట్రిప్ స్విచ్‌లు అమ్మానో, "దీన్ని ఎప్పుడూ తప్పించకండి" అని ఎంతమందికి చెప్పానో!

ఇంకోటి కూడా ఉంది. హీటర్ ప్లగ్ పాయింటు షవర్ పక్కనే ఉండేది. కారిన కరెంటుని నేలలోకి పంపే ఎర్త్ వైరు స్క్రూ ఆవిరికి లోపల తుప్పు పట్టి ఊడిపోయింది. అది ఊడినా, ముట్టుకున్న మనిషిని కాపాడాల్సింది ఆ స్విచ్చే. దాని నోరు నేను మూసేశానుగా.

ఆ రోజు పది గంటలప్పుడు మీ బావ స్నానానికి వెళ్ళారు. నేను ఇక్కడ వైరు కొలుస్తున్నాను. బకెట్ పడ్డ చప్పుడు వినిపించింది, అంతే. అరుపు లేదు. అరుపు లేకపోవడమే నాకు భయమేసింది. పరిగెత్తి ముందు మెయిన్ ఆపాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసింది అదొక్కటే. తలుపు తోసేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి ఎవరిదో దాచమని ఇచ్చినట్టు ఒళ్ళో పెట్టుకున్నారు. కుళాయి ముట్టుకోగానే విసిరికొట్టిందట. చెయ్యి పక్కనున్న రాతిగట్టుకి తగిలి విరిగింది. విసిరికొట్టబట్టి బతికారు చిన్నోడా. పట్టుకుని ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను.

ఎదురు షాపు వాళ్ళు, నా కస్టమర్లు ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది, ఏమైంది" అంటున్నారు. నేను నోరు తెరిచాను. ఆయన నన్ను చూశారు. చూసి, వాళ్ళ వైపు తిరిగి, "ఏం లేదండీ, సబ్బు మీద కాలేశాను" అన్నారు.

ఆ మాట అన్నది ఆయన. నిలబెట్టింది నేను. డాక్టరుకి మాత్రం నిజం చెప్పాను, గుండె పరీక్ష కూడా చేయించాను, అంతా బాగానే ఉందన్నారు. ఆ గది దాటి బయటికొచ్చాక మళ్ళీ సబ్బే. సాయంత్రం వచ్చి ఆ వైరు ముక్క పీకేసి, స్విచ్ మామూలుగా కలిపి, హీటర్ విప్పి పారేశాను. తర్వాత మా లైసెన్సున్న మనిషిని పిలిచి మొత్తం వైరింగ్ మార్పించాను. అప్పుడే చూశాను, గూట్లో సబ్బు. పొడిగా ఉంది. పైన అచ్చుపోసిన అక్షరాలు కూడా చెరగలేదు. ఆయన అసలు స్నానమే మొదలుపెట్టలేదు.

ఒక్కసారి అడిగాను, ఎందుకలా చెప్పారని. "షాపు పేరు పోతే ఇద్దరికీ పోతుంది. సబ్బు పేరు పోతే సబ్బుకేగా" అన్నారు. అంతే, మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

తర్వాత నువ్వొచ్చావు పరామర్శకి. "ఏం బావా, ఇంత పొడుగు మనిషివి ఇంత సబ్బుబిళ్ళకి ఓడిపోయావా?" అని మొదలుపెట్టావు. సబ్బు బావ అని పేరు పెట్టావు. బుడంకాయకి సబ్బు మావయ్య అని నేర్పావు. మొన్న వచ్చినప్పుడు రంగుకాగితం చుట్టి తాడు కట్టిన సబ్బు బహుమతిగా ఇచ్చావు, మెడలో వేసుకుని స్నానం చెయ్యి బావా అని. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన నిజంగానే మెడలో వేసుకుని నిలబడ్డారు, నువ్వు ఫొటో తీశావు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు ఎలా ఉంటుందో నీకు ఇప్పుడు తెలుస్తుంది.

నువ్వు "అక్కా, నువ్వు సరే అంటే డైరెక్ట్ చేయిస్తా" అని రాసినప్పుడు, వద్దని చెప్పడం తేలిక. ఎందుకు వద్దంటే ఏం చెప్పను? ఊరికే వద్దంటే నువ్వు వినవు. "అక్క వ్యాపారం కోసం చెప్తోంది" అని నవ్వేసి నీ వైరింగ్ ఆయన్నే నమ్ముతావు. నిజం చెప్తే నువ్వు వింటావు, కానీ ఇక నన్ను ఎలా చూస్తావో అని భయం. ఆ రెంటి మధ్యా పదకొండు రోజులు ఊగాను. మీ ఇంట్లో ఆ కుళాయి కింద రేపు నిలబడేది బుడంకాయ అని తెలిసి కూడా ఊగాను. ఇప్పుడు నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉన్నది అదే.

నిన్నటి టాక్సీ ఆయన సంగతి సగంలో వదిలేశాను కదా. నా మాట విన్నాడు. "అయితే మీ దగ్గర ఎందుకు కొనాలమ్మా?" అన్నాడు. వైరు కొనకుండానే వెళ్ళిపోయాడు. ఒక గంట తర్వాత భార్యని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. "నాకు చెప్పినట్టే ఈవిడకీ చెప్పండి. నేను చెప్తే నమ్మట్లేదు" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆవిడ అంతా విని, వైరు మాట ఎత్తకుండా, "మా హీటర్ చూడటానికి మంచి మనిషి ఎవరైనా ఉన్నారా?" అంది. నంబరు రాసిచ్చాను. రెండోసారి చెప్తున్నప్పుడు గోడ అవతల మిషను ఆగలేదు.

ఇవాళ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ మాట ఆయనే ఎత్తారు.

"నిన్న అంత గట్టిగా చెప్పాలా? కొలతలు ఇస్తున్న మనిషి కూడా విన్నాడు."

"వింటే విననివ్వండి. మా తమ్ముడికి కూడా రాసేస్తున్నాను."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "మొత్తమా?"

"మొత్తం."

"ఆ పేరుకి అలవాటు పడటానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు సబ్బు తీసేస్తే వాడు నన్నేమని పిలుస్తాడు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఆయన మాత్రం "మజ్జిగ పొయ్" అన్నారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తాను. రేపు ఆ వైరింగ్ ఆయన్ని రావద్దను. వద్దనడానికి మొహమాటమైతే నా మీదికి తోసెయ్, "మా అక్క ఒప్పుకోలేదు" అను. లైసెన్సున్న మనిషిని పిలిచి ఎర్త్ కొలిపించు, హీటర్ మార్పించు. అప్పటిదాకా వంటింట్లో నీళ్ళు కాచుకోండి, బుడంకాయకి ముందు. ట్రిప్ స్విచ్ మీద చిన్న టెస్టు బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కు, టక్కున పడాలి. పడితే ఇంట్లో కాపలా మేలుకునే ఉన్నట్టు. ఆ వైరు ముక్క నా గల్లాపెట్టె అడుగున ఇంకా ఉంది. వచ్చేటప్పుడు తెస్తాను, మీ వైరింగ్ ఆయన చేతిలో పెడదాం. వాళ్ళ నాన్నగారి కాలం సంగతి అప్పుడు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ బావకి ఫోన్ చేసి క్షమించమని గొంతు వణికించకు. ఆయనకి నచ్చదు. నీకు తెలియదు కదా, నీ తప్పేముంది? నామీద కోపం వస్తే మాత్రం తెచ్చుకో, దాచుకోకు. రెండు రోజులు మాట్లాడకపోయినా పర్వాలేదు. ఆ వైరింగ్ ఆయనకి వద్దని చెప్పేశానని ఒక్క మెసేజ్ మాత్రం ఇవాళే పెట్టు. అది వచ్చేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంటాను.

గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి. సూదులు అయిపోయినట్టున్నాయి, వెళ్ళాలి. రెండు షాపులూ ఒక రోజు మూసి ఇద్దరం బయల్దేరి వస్తాం. సంచిలో మరదలికి ప్లగ్ పాయింటూ, బాత్‌రూమ్‌కి మూత లైటూ పెట్టుకొస్తాను. నీ గుమ్మంలో నిలబడ్డప్పుడు నువ్వు ఆయన్ని ఏమని పిలుస్తావో నా చెవులతో నేను వినాలి. చెప్పు చిన్నోడా, ఎప్పుడు రమ్మంటావు?

ఇట్లు,
చన్నీళ్ళు పోయించిన పాపం మూటగట్టుకున్న
నీ అక్క